దుప్పటి రెండో కొస

ఎవరేం అడిగినా తల ఊపడం తప్ప ఇంకో విద్య రాని మనిషికి ఒకే వారంలో రెండు ఉద్యోగాలు వచ్చాయంటే ఎవరైనా నవ్వుతారు. అందరికన్నా ముందు ఆవిడే నవ్వుకుంది. "యాభై ఏళ్లు దగ్గరపడ్డాయి, ఒక్కనాడు జీతం ముఖం చూసి ఎరగను. ఇప్పుడు రెండు జీతాలొచ్చి, నా వెంట రా అంటే నా వెంట రా అని గుమ్మం ముందు జుట్లు పట్టుకుంటున్నాయి" అనుకుంది. అనుకోవడం మనసులోనే. ఆవిడ మాటలు చాలామటుకు అక్కడే పుట్టి అక్కడే కన్నుమూసేవి.

వీధిలో అందరూ ఆవిడను 'సరేగారు' అనేవాళ్లు. పాలవాడు రేపు రానంటే సరే. ఇంటివాళ్లు నీళ్లు ఒక్క పూటే వదులుతామంటే సరే. పక్కింటావిడ తీసుకెళ్లిన గొడుగు విరిగిపోయిందంటే, దానికీ సరే. ఆ పేరు పెట్టింది పరాయివాళ్లు కాదు, ఆవిడ భర్తే. ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే మెకానిక్కు ఆయన. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. "మా ఆవిడకు వచ్చినవి రెండే మాటలండీ. ఒకటి 'సరే', రెండోది 'ఇంకొంచెం పెట్టనా'. ఆ రెంటితోనే కాపురం లాక్కొస్తోంది. నాకేమో ఉన్న భాషంతా ఖర్చుపెట్టినా చాలడం లేదు" అని దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఇద్దరి వంతు మాటలూ ఆయనే ఆడేసేవాడు కాబట్టి ఆవిడకు లోటు తెలియలేదు. ఇంట్లో రేడియో మోగుతుంటే మనమెందుకు గొంతు చించుకుని పాడతాం?

కిందటి వానాకాలం ఆ రేడియో ఆగిపోయింది. ఎవరింట్లోనో ఫ్యానుకు రెక్క బిగిస్తూ, నీళ్లు అడిగి, నిచ్చెన మెట్టు మీద అలాగే కూర్చుండిపోయాడట. నీళ్లు తెచ్చేసరికి మనిషి లేడు.

ఆయన వదిలిపెట్టిన ఆస్తి, పై అంతస్తులో అద్దెకున్న రెండు గదుల వాటా, ముందు గదిలో ఒక ఫ్యాను. ఊళ్లో ఫ్యాన్లన్నీ గుట్టుగా తిరిగేలా చేసిన మనిషి ఇంట్లో ఫ్యాను మాత్రం టక్కు టక్కుమంటూ తిరిగేది. "ఆదివారం చూస్తా" అనేవాడు. ఆదివారాలు వచ్చాయి, వెళ్లాయి. ఆ రోజుల్లో ఆ చప్పుడుకు ఆవిడకు నిద్రపట్టేది కాదు. ఇప్పుడు ఆ చప్పుడు లేకపోతే పట్టడం లేదు. కరెంటు పోతే లేచి కూర్చుంటుంది. ఈ సంగతి కూతురికి చెప్పలేదు. చెబితే అల్లుడు వచ్చి స్క్రూ బిగించేస్తాడని భయం. చాలా మంచి అల్లుడు. అదే వచ్చిన చిక్కు.

కూతురు ఊరికి ఆ చివర ఉంటుంది. వారం వారం వస్తుంది. వచ్చినప్పుడల్లా ఒకటే పాట.

"ఒక్కదానివి రెండు గదులకు అద్దె కట్టుకుంటూ ఎందుకే ఇక్కడ? మా ఇంటికొచ్చెయ్యమ్మా."

"సరే."

"సరే అంటావు, కదలవు."

"సరే."

"ఇదిగో, ఇలా కాదు. ఈ నెలాఖరు దాకా చూస్తా. అద్దె కట్టుకునే దారేదైనా నీకు నువ్వు చూసుకున్నావా, హాయిగా ఉండు, మళ్లీ అడిగితే చెప్పుతో కొట్టు. చూసుకోలేదా, ఒకటో తారీకు పొద్దున్నే వ్యాను తెస్తా. మంచం, బీరువా, నువ్వు. వరసగా ఎక్కిస్తా."

బీరువా తరవాతనా తను, అనుకుంది సరేగారు. పైకి మాత్రం, "సరే."

దారి వెతకడంలో ఆవిడకు తెలిసిన పద్ధతి ఒక్కటే, కూర్చోవడం. కూర్చుంది. దారే మెట్లెక్కి వచ్చింది.

కింద వాటాలో ఉండే ఆవిడ ఒక పెద్ద లాండ్రీలో సూపర్‌వైజరు. హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రుల పక్కబట్టలు బండ్లకొద్దీ వచ్చే చోటు అది. ఒక సాయంత్రం ఆవిడ తన బట్టలు తీసుకుందామని మేడ మీదికి వచ్చేసరికి సరేగారు పెద్ద మంచం దుప్పటి మడతపెడుతోంది. ఒక కొసను మెట్లగది తలుపు సందులో బిగించింది. రెండో కొస చేత్తో పట్టుకుని, నడిమి అంచును గడ్డం కింద నొక్కిపెట్టి, వెనక్కి నడుస్తోంది. అంతలో గాలి వీచింది. తలుపు తెరుచుకుంది. కొస వదిలేసింది. సరేగారు వెనక్కి తూలి నీళ్ల ట్యాంకుకు చేరగిలపడితే, దుప్పటి వచ్చి మొహం మీద కప్పుకుంది.

"అయ్యో, దెబ్బ తగిలిందా?"

దుప్పటి లోపలినుంచి జవాబొచ్చింది. "లేదండీ. తలుపుకు ఇంకా అలవాటు కాలేదు."

సూపర్‌వైజరు నవ్వి నవ్వి పిట్టగోడ మీద కూర్చుండిపోయింది. నవ్వు తగ్గాక పక్కనే పేర్చి ఉన్న మడతలు చూసింది. అంచుకు అంచు, మూలకు మూల, కత్తితో కోసినట్టు ఉన్నాయి.

"సరేగారూ, తలుపుతోనే ఇంత బాగా పెడుతున్నారే, మనిషిని ఇస్తే ఇంకెంత బాగా పెడతారు! మా దగ్గర మడతల్లో ఒక మనిషి తగ్గింది. సోమవారం పొద్దున నాతో వచ్చెయ్యండి. జీతం బాగానే ఇస్తారు. మీ అద్దె పోను ఇంకా చేతిలో ఆడుతుంది. కాకపోతే ఒక్క మాట. ఇవాళ దుప్పట్లు మడతపెడతారు, పదేళ్లు పోయాకా దుప్పట్లే మడతపెడతారు. పైకి పోవడాలూ అవీ ఉండవు."

మేడ మీద ఉన్నాం, ఇంకా పైకెక్కడికి పోతాం అనుకుని, "సరే" అంది సరేగారు.

అక్కడితో ఆగితే కథ లేదు. ఆవిడ పన్ను ఒకటి అప్పటికే చాలా రోజుల నుంచి సలుపుతోంది. ఎవరికీ చెప్పలేదు. తన పన్నే కదా, తనలాగే నోరు మూసుకుని పడుంటుందిలే అనుకుంది. అది పోలికలన్నీ ఆయనవే తెచ్చుకున్నట్టుంది, ఊరుకోలేదు. లాండ్రీకి సరే అన్న మూడోనాటికి దవడ గుమ్మటంలా వాచింది. వీధి మలుపులో ఉన్న పళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లక తప్పలేదు.

బెంచీ మీద ఆవిడ పక్కన ఒక లారీ డ్రైవరు కూర్చున్నాడు. తలుపంత మనిషి. బుగ్గ పట్టుకుని, చిన్నపిల్లాడిలా కాళ్లు ఊపుతున్నాడు. లోపల యంత్రం గుయ్యిమన్నప్పుడల్లా లేచి చెప్పులు వెతుక్కునేవాడు. ఒకసారి అలా లేవబోయి, పట్టు దొరక్క సరేగారి చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ చెయ్యి లాక్కోలేదు. తనకూ భయమే, పట్టుకోవడానికి ఎవరో ఒకరు దొరికారులే అనుకుంది. ఆ తలుపంత మనిషి ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా నిమ్మళించాడు. గాజు తలుపు వెనక నుంచి డాక్టరు ఇదంతా చూశాడు.

పన్ను పీకడం అయ్యాక డాక్టరు తన గోడు చెప్పుకున్నాడు. అంతకుముందు బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి మంచిదేనట. కానీ వచ్చినవాళ్లు 'నొప్పి ఉంటుందా' అని అడిగితే చాలు, 'మా మావయ్యకు ఇలాగే పీకితేనండీ' అని మొదలుపెట్టేదట. మావయ్య కథ పూర్తయ్యేలోగా బెంచీ ఖాళీ అయిపోయేదట.

"మీలాంటి మనిషి కోసమే చూస్తున్నానమ్మా. మీరేం చెయ్యక్కర్లేదు, ఊరికే అలా కూర్చుంటే చాలు. మొదట్లో జీతం తక్కువే ఇవ్వగలను. కానీ ఏడాది తిరిగేసరికి నేనే ఖర్చు పెట్టి కోర్సు చేయిస్తాను. అసిస్టెంటు అవుతారు. ఆ తరవాత జీతం ఎక్కడికో వెళ్తుంది. సోమవారం మధ్యాహ్నం నుంచి వస్తారా?"

'వేరేచోట ఒప్పుకున్నానండీ' అని చెబుదామనే అనుకుంది. నోటినిండా దూది. దవడంతా మత్తు. వచ్చిన మాట ఒక్కటే.

"ఊఁ."

"సంతోషం!" అన్నాడు డాక్టరు.

అలా ఒక ఉద్యోగం అలవాటు కొద్దీ వచ్చింది, రెండోది దూది కొద్దీ వచ్చింది.

కూతురికి ఫోను చేస్తే అది ఎగిరి గంతేసింది. "క్లినిక్కే అమ్మా, ఇంకా ఆలోచనేంటి! చల్లటి గది, కూర్చునే పని. పైగా కోర్సంటున్నాడు. ఈ వయసులో నీకు ముందు ముందు ఎదుగుదల ఉన్న ఉద్యోగం ఇస్తామనేవాళ్లు ఎక్కడ దొరుకుతారే?"

"అద్దెకు చాలదే."

"చాలకపోతే అద్దె మానెయ్. మా ఇంట్లో ఉండి బస్సులో వెళ్లు. వ్యాను నేను తెస్తానన్నానుగా."

వెనక నుంచి అల్లుడి గొంతు. "లాండ్రీ అంటే వేడి అత్తయ్యగారూ! రోజంతా నిలబడాలి. కాళ్లు పడిపోతాయి!"

సరేగారు ఫోను పెట్టేసి ఫ్యాను కేసి చూసింది. అది టక్కు టక్కుమని తిరుగుతోంది తప్ప సలహా చెప్పలేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. క్లినిక్కుకు వెళ్తే రేపటికి బాగు, ఈ గదులుండవు. లాండ్రీకి వెళ్తే గదులుంటాయి, రేపు అనేది ఉండదు. అప్పుడు ఆవిడ బుర్రలో దీపం వెలిగింది. లాండ్రీ పని తెల్లవారి నుంచి మధ్యాహ్నం దాకా. క్లినిక్కు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా. రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదంటారు గానీ, ఒక పడవ దిగాకే రెండోది ఎక్కితే తప్పేముంది? ఇంత తెలివి ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందా అని తనను తానే మెచ్చుకుంది. తెలివి ఆవిడ దగ్గరకు ఎప్పుడూ అంతే, చుట్టపుచూపుగా వచ్చేది. మర్నాటికి ఉండేది కాదు.

సోమవారం పొద్దున లాండ్రీలో అడుగుపెట్టేసరికి చెవులు దిబ్బడవేశాయి. పొడుగాటి రేకుల షెడ్డు. ఒక పక్క గిరగిర తిరిగే డ్రమ్ములు, ఒక పక్క ఆవిరి. నడుమ మనిషి పొడవున వేడి రోలరు. అటునుంచి తడి దుప్పటి పెడితే ఇటునుంచి కాగితంలా వచ్చేస్తుంది. ఆ వచ్చినదాన్ని ఇద్దరిద్దరు అందుకుని మడతపెట్టాలి. చప్పుడులో మామూలు మాట వినబడదు కాబట్టి 'మంచినీళ్లు ఇవ్వు' అన్నా తగువాడినట్టే అరుస్తారు.

ఆవిడకు జతగా ఒక పొడుగమ్మాయిని ఇచ్చారు. అందరూ కొంగ అని పిలుస్తారు, ఆ పిల్లా పలుకుతుంది. దుప్పటి వచ్చింది. చెరో రెండు మూలలు పట్టుకున్నారు. లాగి విదిలించారు. నిలువునా సగానికి కలిపారు. ఇక ఇద్దరూ దగ్గరకు వచ్చి కొసలు కలపాలి.

సరేగారు నిలబడింది. కొంగా నిలబడింది.

"రా అక్కా!" అంది కొంగ.

సరేగారు బెల్లం కొట్టిన రాయిలా ఉన్నచోటే ఉంది.

"అక్కా, నిన్నే! రా!"

"నువ్వు కదా రావాలి?"

"నేనెందుకొస్తా? రోలరు వైపున్నవాళ్లు కదలకూడదు. వెనకాల ఇంకోటి వచ్చేస్తుంది... ఇదిగో, వచ్చేసింది!"

నిజంగానే రెండో దుప్పటి వచ్చి కొంగ వీపు మీద పడింది. దాని వెనక మూడోది మొహం చూపించింది. సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చింది. ఇంటి దగ్గర 'సరేగారూ, మీరు' అని గౌరవించే మనిషి, షెడ్డులోకి వచ్చేసరికి వేరే మనిషి.

"ఏమ్మా, దుప్పటి పట్టుకుని ఫొటోకు నిలబడ్డారా ఇద్దరూ?"

"కొత్తక్క రావట్లేదు మేడం! నన్నే రమ్మంటోంది!"

"ఏం, కాళ్లు పట్టేశాయా?"

"కాదండీ" అంది సరేగారు. "మా ఇంట్లో ఆయనే వచ్చేవారు."

"ఏంటీ? వినబడలా!"

"మా ఇంట్లో ఆయనే వచ్చేవారు!"

ఇంకా వినబడలేదు. చివరికి, పుట్టాక ఎన్నడూ ఎత్తనంత గొంతు ఎత్తి అరిచింది, "ఆయనే వచ్చేవారండీ!" నోరు విప్పితే ముత్యాలు రాలతాయంటారు. ఇన్నాళ్లకు విప్పితే ఇది రాలింది. షెడ్డంతా గొల్లుమంది. డ్రమ్ముల దగ్గరి ఆడవాళ్లు రోలరు దగ్గరివాళ్లను అడిగారు, వాళ్లు గంజి తొట్టెల దగ్గరివాళ్లకు చెప్పారు. "కొత్తావిడ కదలదట. వాళ్లాయనే వచ్చేవాడట!" "అదృష్టవంతురాలు. మా ఆయన పిలిచినా రాడు!"

ఆవిడా నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. ఎందుకంటే అది నిజం. ఇంట్లో కాలు ఒకచోట నిలవని ఇల్లాలినని ఆవిడకు తన మీద తనకు గొప్ప నమ్మకం. వంటింటికి, నీళ్ల పంపుకు, మేడ మీదికి, దిగువకు, నడకంతా తనదే అనుకునేది. కానీ ఆదివారం మేడ మీద దుప్పట్లు మడతపెట్టేటప్పుడు మాత్రం తను తన కొసన నిలబడి ఉండేది. ఆయన తన కొస పట్టుకుని నడిచి వచ్చి, "పార్సెలండీ, సంతకం పెట్టండి" అని చేతిలో పెట్టేవాడు. ప్రతిసారీ అదే మాట. ఆవిడ మాట్లాడకుండా తీసుకునేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, 'మీరు ఉండండి, నేనొస్తా' అని ఆ కాస్త దూరం నడిచిన పాపాన పోలేదు. నడవాలని కూడా తోచలేదు. మొగుడు నడిచొస్తుంటే మహారాణిలా నిలబడి, పైగా నడుం నొప్పని చెప్పుకుంది!

"అక్కా, నాలుగోది వస్తోంది!" కొంగ కేక.

సరేగారు నడిచింది. కొసలు పట్టుకుని, ఆ ఆవిరిలో, ఎదుటి మనిషి దాకా వెళ్లింది. కొంగ చేతులకు ఆవిడ చేతులు తగిలాయి. ఆ పిల్ల అందుకుంది. ఆవిడ వదల్లేదు.

"వదులక్కా. వదిలితేనేగా మడత పడేది."

వదిలింది. కిందికి వంగి నడిమి అంచు అందుకుని మళ్లీ వెనక్కి వెళ్లింది. మళ్లీ వచ్చింది. కాసేపటికి టీకి వదిలినప్పుడు గుట్టల చాటుకు పోయి, చేతికందిన తువ్వాలుతో మొహం తుడుచుకుంది. చూస్తే అది పెద్ద హోటలుది, అప్పుడే ఉతికింది. మళ్లీ ఉతుకుకు వేసింది. మొదటిరోజే లాండ్రీకి పని పెంచాను అనుకుంది.

మధ్యాహ్నం క్లినిక్కు. అక్కడ అంతా తెల్లగా, చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. బల్ల, కుర్చీ, గాజు సీసాలో దూది. వచ్చినవాళ్లను కూర్చోమని చెయ్యి చూపించడం, భయపడితే చెయ్యి ఇవ్వడం, అంతే. తెల్లవారి నుంచి షెడ్డులో నడిచిన కాళ్లకు కుర్చీ తగిలేసరికి స్వర్గం కనబడింది. స్వర్గంలో ఏం చేస్తారు, కళ్లు మూసుకుంటారు. లోపలికి వచ్చిన ఒకాయన ఆవిడను చూసి డాక్టరును అడిగాడు, "ఈవిడకు మత్తు ముందే ఇచ్చేశారా అండీ?"

డాక్టరు కోప్పడలేదు. "చూశారా, మిమ్మల్ని చూస్తేనే ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నాడు. నిద్రను కూడా నైపుణ్యం అనేవాళ్లు యజమానిగా దొరకడం మాటలు కాదు.

వారమంతా అలా గడిచింది. కొంగ దాకా నడిచి నడిచి సరేగారికి అలవాటైంది. ఒకరోజు కొసలు అందిస్తూ తనకు తెలియకుండానే, "పార్సెల్" అనేసింది.

"ఏంటక్కా?"

"పార్సెల్ వచ్చిందే. సంతకం పెట్టు."

కొంగ పకపక నవ్వింది. మర్నాడు ఆ పిల్లే, "అక్కా, నా పార్సెలేదీ?" అని అడిగింది. పక్క జత విన్నారు. అరిచి మాట్లాడుకునే చోట మాటకు కాళ్లు కాదు, రెక్కలే వస్తాయి. శుక్రవారానికి షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, దుప్పటి కలిసిన ప్రతిచోటా, "పార్సెల్!" "పార్సెలండోయ్!" "సంతకం పెట్టవే!" గంజి తొట్టెల దగ్గరి ముసలామె కూడా బకెట్టు అందిస్తూ పార్సెల్ అంటోంది. ఆ మాట ఎవరిదో అక్కడ ఒక్కరికీ తెలియదు. సరేగారు చెప్పలేదు. చెబితే మీరు సంతకం పెట్టాల్సింది నాకు కాదు, మా ఆయనకు అని చెప్పాల్సి వస్తుంది. ఏడుస్తూ మడతపెడితే అంచులు కలవవు.

శనివారం పొద్దున సూపర్‌వైజరు గోడ మీది పలకలో వచ్చే వారం షిఫ్టులు రాసింది. సరేగారి జతకు మధ్యాహ్నం నుంచి.

"ఎప్పుడూ పొద్దున కాదా అండీ?"

"వారం పొద్దున, వారం మధ్యాహ్నం. చెప్పలేదా? అయ్యో, మీరు సరే అనేసరికి అన్నీ చెప్పేశాననుకున్నా."

చుట్టపుచూపుగా వచ్చిన తెలివి సంచి సర్దుకుని వెళ్లిపోయింది. పళ్ల డాక్టరు సంగతి ఇక దాచి లాభం లేదు. దూది దగ్గర్నుంచి అంతా చెప్పింది. సూపర్‌వైజరు కళ్లు తుడుచుకునేదాకా నవ్వి, తరవాత ఆవిడను పక్కకు తీసుకెళ్లింది. షెడ్డులో ఉన్నా ఇంటి దగ్గరి గొంతుతోనే మాట్లాడింది.

"సరేగారూ, నిజం చెప్పనా? నేనైతే పళ్ల డాక్టరు దగ్గరకే పోతా. వచ్చే ఏడో ఆపై ఏడో మడతపెట్టే మిషను తెస్తారట. అప్పుడు ఎవరుంటారో ఎవరు పోతారో నాకే తెలియదు. నా కింద వాటా అద్దె నేను కట్టుకోగలనో లేదో. మీరు నాకోసం మొహమాటపడకండి. తలుపు దగ్గర్నుంచి మిమ్మల్ని పట్టుకొచ్చింది నేనే గానీ, కట్టేసి ఉంచను."

సరేగారు సరే అనలేదు. ఊఁ అని కూడా అనలేదు. వెళ్లి మిగిలిన దుప్పట్లు మడతపెట్టి, క్లినిక్కుకు నడిచింది.

బెంచీ మీద లారీ డ్రైవరు. రెండో పన్ను. ఆవిడను చూడగానే చెయ్యి చాపాడు. ఆవిడ ఇచ్చింది.

"అమ్మా, ఈసారి ఇంకా పెద్ద పన్నంట. మీకు పీకించుకున్నప్పుడు భయం వెయ్యలేదా?"

వేసింది. చచ్చేంత వేసింది. ఆ మాటే చెబుదామని, దానితో పాటు మా ఆయనైతే పన్ను పీకించుకుని దాన్ని పొట్లం కట్టి ఇంటికి తెచ్చాడని, 'ఇన్నాళ్లు అన్నం పెట్టిన పన్ను, అలా వదిలేస్తామా' అన్నాడని చెబుదామని నోరు తెరిచింది. గాజు తలుపు వెనక నుంచి డాక్టరు నవ్వుతూ వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. తరవాత బయటికి వచ్చి మెల్లగా అన్నాడు, "మీరు మాట్లాడకండమ్మా. అదే మీలో గొప్ప. అందుకేగా మిమ్మల్ని తీసుకుంది."

చేతిలో తెల్లకోటు ఉంది. ఆవిడ కొలతకు కుట్టించాడు. మంచివాడు, పాపం. ఆవిడకు ఇన్నేళ్లలో ఎవరూ కొలత తీసుకోకుండా ఇంత సరిగ్గా బట్ట కుట్టించలేదు.

ఆ కోటు కేసి చూస్తూ ఆవిడ లెక్క వేసుకుంది. తెలివైనవాళ్లెవరైనా దీన్నే తొడుక్కుంటారు. చల్లటి గది, కూర్చునే పని, రేపు అనేది ఉన్న పని. ఒక్కటే తంటా. నోరు మూసుకుని ఒకచోట కూర్చుంటే మనుషులే నడిచి తన దగ్గరకు రావడం. ఆ ఉద్యోగం ఆవిడ ఇప్పటిదాకా జీతం లేకుండా చేసిందే. అందులో అనుభవం ఎక్కువైపోయింది. అక్కడ ఆ రేకుల కింద, ఈ పాటికి రెండో షిఫ్టువాళ్లు "పార్సెలండోయ్" అని అరుచుకుంటూ ఉంటారు.

"నేను రానండీ" అంది.

డాక్టరు అటూ ఇటూ చూశాడు, మాట ఎటునుంచి వచ్చిందో తెలియనట్టు.

"ఏమన్నారు?"

"రేపట్నుంచి రాను. లాండ్రీలో ఉంటా. మీరు అడిగిన రోజు నోట్లో దూదుంది, అందుకని ఊఁ అన్నా. తప్పు నాదే. దూది మీరే పెట్టారనుకోండి."

లారీ డ్రైవరు బుగ్గ పట్టుకుని మరీ నవ్వాడు. డాక్టరుకూ నవ్వొచ్చింది. "ఆలోచించుకోండమ్మా. అక్కడ ఎదుగుదల లేదు కదా."

"ఎదగాల్సిన వయసులో పొట్టిగానే ఆగిపోయానండీ. ఇప్పుడేం ఎదుగుతాను" అని, "ఈయన పన్ను అయ్యేదాకా ఉండి వెళ్తా" అంది. ఆ డ్రైవరు లోపలికి వెళ్లేదాకా చెయ్యి పట్టుకుని, పొట్లం కట్టిన పన్ను కథ మొత్తం చెప్పింది. అతను పారిపోలేదు. తన పన్ను కూడా పొట్లం కట్టివ్వమని డాక్టరును అడిగాడు.

ఆదివారం కూతురూ అల్లుడూ వచ్చారు. విషయం విని కూతురు తల పట్టుకుంది.

"ఏసీ గది వదులుకుని ఆవిరిలోకి పోతావా? నీకేమైనా పిచ్చా? రేపు ఆ మిషనేదో వస్తే?"

"వస్తే చూద్దాంలే. దానికీ ఒక కొస ఎవరో పట్టుకోవాలిగా."

"ఎవరు చెప్పారు? మిషనంటే రెండు కొసలూ అదే పట్టుకుంటుంది!"

"అవునా" అంది సరేగారు. ఆ సంగతి ఆవిడకు నిజంగానే తోచలేదు. "సరే, అప్పుడే ఏడుద్దాం. దండెం మీద దుప్పట్లు ఎండిపోయాయి, పట్టు పద."

మేడ మీద తల్లీకూతుళ్లు చెరో కొస పట్టుకున్నారు. లాగారు, విదిలించారు, నిలువునా కలిపారు. కూతురు తన కొసన నిలబడింది. మొహంలో కోపం అలాగే ఉంది, కాళ్లు మాత్రం కదల్లేదు. ఎవరో నడిచి వస్తారన్నట్టు, చిన్నప్పట్నుంచీ అలవాటైన మనిషిలా, చేతులు చాపి ఎదురుచూస్తోంది. నాన్న ఆ పిల్లనూ ఒక్క అడుగు వెయ్యనివ్వలేదు మరి. సరేగారికి నవ్వొచ్చింది. తనకు వచ్చిన విద్య ఒక్కటే, అదీ పిల్లకు నేర్పింది.

"అక్కడే ఉండు" అంది. "నేనొస్తా."

నడిచి వెళ్లి కొసలు కూతురి చేతుల్లో పెట్టింది.

"పార్సెలండీ. సంతకం పెట్టండి."

కూతురు ఒక్క క్షణం తల్లి మొహం చూసింది. తరవాత దుప్పటి అంచును మొహానికి అదుముకుని నిలబడిపోయింది. కాసేపు ఆ మేడ మీద మడత ముందుకు సాగలేదు.

"వదులే" అంది సరేగారు. "వదిలితేనేగా మడత పడేది."

"నువ్వు ఉండవే అమ్మా, ఇక్కడే ఉండు" అంది కూతురు, ముక్కు ఎగబీలుస్తూ. "వ్యానుకు ఇంకా చెప్పలేదులే."

దుప్పట్లు తీసుకుని కిందికి దిగేసరికి ముందు గదిలో అల్లుడు కుర్చీ వేసుకుని, స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని, ఫ్యాను కేసి చూస్తున్నాడు.

"అత్తయ్యగారూ, ఈ టక్కు టక్కు ఎప్పట్నుంచి? ఏం లేదు, ఒక్క స్క్రూ వదులైంది. నిమిషంలో బిగించేస్తా."

"వద్దు!"

గొంతు లాండ్రీ గొంతు. కింద వాటాలోంచి సూపర్‌వైజరు, "ఏమైంది సరేగారూ?" అని కేకేసింది. అల్లుడు కుర్చీ మీది నుంచి పడబోయి నిలదొక్కుకున్నాడు. అత్తగారి నోట అంత పెద్ద మాట వినడం అతనికి పెళ్లయ్యాక ఇదే మొదటిసారి.

"దిగు బాబూ" అంది ఆవిడ, మామూలు గొంతుతో. "దాన్ని ఆదివారం చూస్తానన్నవాళ్లు ఉన్నారు. వాళ్లనే చూడనీ. నువ్వు టీ తాగు. ఇంకొంచెం పొయ్యనా?"